‘ఏమే’ అనే బటన్

మా పెదనాయనకు గొంతులో గడ్డ అని తేలినప్పుడు, ఆపరేషన్ చేస్తే మాట పోతుందని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేసినాడు. రెడ్డియార్‌పాళయంలో ముప్పై ఏండ్లు ఇనుప సామాన్ల అంగడి నడిపిన మనిషి. వీధి ఆ కొసన ఉన్నవాణ్ణి ఈ కొస నుంచి పిలిచే గొంతు. పెద్దమ్మ ఏడవలేదు గానీ, "ఇంక నన్నెవరు పిలుస్తారు?" అనింది. షుగరు వల్ల ఆమెకు చూపు దాదాపు పోయింది. ఆయన రాసి చూపిస్తే చదవలేదు, సైగ చేస్తే కనబడదు. వాళ్ళిద్దరికీ మధ్య ఉన్నదల్లా ఆ గొంతే.

నేను మేట్టుపాళయంలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తాను. చేత్తో పట్టుకునే మీటర్లు తయారు చేస్తాం. వాటి లోపల ప్రాసెసర్‌ని నేరుగా ఆడించే ప్రోగ్రాం ఉంటుంది, కెర్నెల్ అంటారు. అది రాసేది నేను. ముఖ్యంగా, పని లేనప్పుడు ప్రాసెసర్‌ని నిద్రపుచ్చడం, పని రాగానే లేపడం. బ్యాటరీ మిగిలేదంతా ఆ నిద్రలోనే. ఆఫీసులో మూల పడి ఉన్న బోర్డు ఒకటి అడిగి తెచ్చుకుని, పెదనాయనకు మాట్లాడే పెట్టె చేసినాను. ఆపరేషన్‌కు ముందే ఆయన్ని కూర్చోబెట్టి మాటలు రికార్డు చేసినాను. నీళ్ళు. నొప్పి. యాడికి పోతావు? ఏందిరా ఇది? ఆఖరున, పెద్దమ్మని ఎట్లా పిలుస్తాడో అది: "ఏమే." సిగ్గుపడి నాలుగుసార్లు చెప్పినాడు, నాలుగూ నాలుగు రకాలుగా వచ్చినాయి. దానికి ఎర్ర బటన్ పెట్టినాను.

మొదట్లో పెట్టెని నిద్రపోనివ్వలేదు. మధ్యాహ్నానికే ఛార్జి అయిపోయేది, జేబులో ఇడ్లీ కుండ మాదిరి కాగేది. సరేనని గాఢనిద్ర పెట్టినాను. ఛార్జి రెండురోజులు వచ్చింది. నా అంతటోడు లేడనుకున్నా.

వారం తిరక్కముందే, ఒక్కొక్కసారి నొక్కితే పలకడం లేదని పెదనాయన నోటుబుక్కులో రాసి చూపించినాడు. అరవంలోనే. మా ఇండ్లలో మాట తెలుగు, బళ్ళో నేర్చిన రాత అరవం. నాకీ తెలుగు అక్షరాలు వచ్చింది కూడా పెళ్ళయినాక, యానాం నుంచి వచ్చిన మా ఆవిడ పుణ్యమా అని. పెట్టెని ఆఫీసుకు తీసుకపోయి, లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి, వందసార్లు నొక్కినాను. వందసార్లూ పలికింది. "పెట్టెకేం రోగం లేదు పెదనాయనా, నీ వేలే గట్టిగా పడటం లేదు" అని తీర్పు చెప్పేసినాను. ఆయన తన బొటనవేలు తిప్పి చూసుకున్నాడు. ఆనాటి నుంచి గోరు తెల్లబడేదాకా నొక్కేవాడు. అప్పటికీ పలక్కపోతే ఆపి మళ్ళీ వేసేవాడు. లేవడానికి దానికి నిమిషం పట్టేది.

పోయిన ఎండాకాలం పెద్దమ్మకు గుండె ఆపరేషన్ అన్నారు. ముందురోజు ఆమె ఆస్పత్రికి రానంటే రానని మొండికేసింది. పెదనాయన అలిగి పెట్టె తీసి పక్కన పడేసినాడు. పొద్దంతా ఇద్దరికీ మాటల్లేవు.

మరుసటిరోజు పదకొండింటికి ఆమెను స్ట్రెచర్ మీద తోసుకొచ్చినారు. పెదనాయన గబగబా పోయి చెయ్యి పట్టుకున్నాడు. "చెయ్యి ఎవరిదైనా కావచ్చు. ఒకసారి పిలువయ్యా" అనింది. ఆయన ఎర్ర బటన్ నొక్కినాడు. పలకలేదు. మళ్ళీ నొక్కినాడు. "గట్టిగా, పెదనాయనా, గట్టిగా!" అని నేను పక్కనుంచి అరుస్తా ఉన్నాను, సిగ్గులేనోణ్ణి.

"ఇంకా కోపమేనా నా మీద?" అనింది పెద్దమ్మ.

"కోపం లేదు పెద్దమ్మా, పిలుస్తానే ఉన్నాడు."

"నువ్వు ఊరుకోరా. నీదెప్పుడూ ఆయన పక్షమే."

నర్సు టైమైందనింది. నేను పెట్టె లాక్కుని ఆపి మళ్ళీ వేసినాను. అది లేచేసరికి తలుపులు మూసుకున్నాయి. పెదనాయన నొక్కినాడు. "ఏమే" అని ఆయన పాత గొంతు కారిడార్ అంతా వినబడింది. బెంచీ మీద ఎవరో ఆవిడ తిరిగి చూసింది. మా పెద్దమ్మ మళ్ళీ తెలివిలోకి రాలేదు.

కర్మ అయినాక ఆ పెట్టెతోనే కూర్చున్నాను. ఈసారి కేబుల్ లేకుండా. అప్పుడు వెలిగింది మట్టిబుర్రకు: ఆ కేబుల్ తగిలించి ఉన్నంతసేపూ ప్రాసెసర్ గాఢనిద్రకు పోనేపోదు. పడుకోనిదాన్ని వందసార్లు లేపి, బాగుందని సర్టిఫికెట్ ఇచ్చినాను. థూ, నా చదువు తగలెయ్య.

తప్పు యాడుందో రెండువారాలకు దొరికింది. అంగడి మూసేవాడు వీధి వైపు ఒకసారి చూస్తాడు, ఎవరూ లేరు, షట్టరు లాగుతాడు. ఆ చూపుకూ ఆ లాగుడుకూ నడుమ ఒకడొచ్చి నిలబడితే బయటే ఉండిపోతాడు. నేను రాసింది అదే. ప్రాసెసర్ పనేమైనా ఉందా అని చూసి, లేదనుకుని నిద్రకు పోతుంది. ఆ సందులో బటన్ పడితే, నొక్కినట్టు గుర్తు పడుతుంది గానీ, ఆ గుర్తును చూడాల్సింది అప్పటికే పడుకుని ఉంటుంది. ఆ గుర్తు తీసేదాకా రెండో నొక్కుడు లోపలికి పోదు, ఎంత బలంగా నొక్కినా. ముందు షట్టరు చేత్తో పట్టుకుని ఆ తర్వాత వీధి చూడాలి. మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పే పాఠం. రెండు లైన్లు కిందికీ పైకీ మార్చినాను, సరిపోయింది.

పెట్టె తీసుకుని ఆయన దగ్గరికి పోయినాను. ఏమీ దాచలేదు. "తప్పు నీ వేలిది కాదు పెదనాయనా. మొదటినుంచీ నాదే. నువ్వు నొక్కిన ప్రతిసారీ సరిగ్గానే నొక్కినావు. ఆ పొద్దు కూడా." చెంప పగలగొట్టి ఉంటే బాగుండేది. ఆయన పెట్టెను ముట్టుకోలేదు. నోటుబుక్కు తీసి, నిదానంగా రాసి, నా వైపు తిప్పినాడు.

"పోయి మీ పెద్దమ్మకు చెప్పు."