ఫోను కాడికి యాడ నుంచి వచ్చినావు?

పోయిన వారం పన్ను నొప్పి పుట్టింది. డాక్టరు దగ్గరికి వెళ్ళే ఓపిక లేక, పోపుల డబ్బాలోంచి ఒక లవంగం తీసి పంటి కింద పెట్టుకున్నాను. నొప్పి తగ్గిందో లేదో చెప్పలేను గానీ, ఆ ఘాటు నాలుకకు తగలగానే ఎవరో నా చెవుల మీద హెడ్‌ఫోను బిగించినట్టయింది. పెనుకొండ టెలిఫోను ఎక్స్‌చేంజి, అందులో అత్యవసర కాల్స్ అందుకునే బల్ల, బల్ల మీద ఎర్ర బల్బు, దాని ముందు బుగ్గలో లవంగంతో షంషాద్ మేడం. గొంతు ఎండిపోకుండా ఆమె డ్యూటీలో ఉన్నంతసేపూ లవంగం చప్పరించేది. నేను లవంగం ఉమ్మేసి నోరు కడుక్కున్నాను. ఆమె గుర్తొస్తే నాకు ప్రేమ కన్నా ముందు సిగ్గు వస్తుంది. ఆ సిగ్గు ఎందుకో ఇంతవరకూ ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పలేదు.

తొంభైల మొదట్లో నేను ఆపరేటరుగా ఆ బల్ల ముందుకొచ్చి పడ్డాను. మాది హిందూపురం. రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరైనా పోలీసుకో, ఫైరింజనుకో, ఆసుపత్రి వ్యానుకో ఫోను చేస్తే ఆ పిలుపు మా బల్లకే వచ్చేది. విని, ఎవరిని పంపాలో వాళ్ళకు కలపడం మా పని. మేడంకు అప్పటికి యాభై దగ్గరపడ్డాయి. ఆమె భర్త బజారులో గొడుగులూ టార్చిలైట్లూ బాగుచేసేవాడు. ఆమె ఏ పిలుపుకూ గొంతు పెంచేది కాదు. అవతలివాళ్ళు ఎంత గోల పెట్టినా మొదట పేరడిగేది. "పేరు చెప్పేటప్పుడు మనిషికి ఊపిరి అందుతాది పాపా" అనేది. ఆమెకు నేనెప్పుడూ పాపనే. నా పేరు నాగవేణి అని ఆమెకు తెలుసో లేదోనని నాకు అనుమానంగా ఉండేది.

చేరిన మూడో నెలలో, వేరుశనగ పీకే రోజుల్లో, ఒక మధ్యాహ్నం మేడం పక్కగదిలో అన్నం తింటోంది. ఎర్ర బల్బు వెలిగింది. ఎవడో రొప్పుతూ "అక్కా, ఎర్రమంచి! పాము కరిసిందక్కా, బండి పంపు" అన్నాడు. ఫోను పెట్టేశాడు. ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీ వచ్చింది గానీ, ఆ రోజుల్లో ఆ ఊళ్ళో మాకు తెలిసి ఒకటే ఫోను, ఎరువుల కొట్లో. నేను చకచకా ఆసుపత్రికి కలిపి వ్యానును ఆ కొట్టు దగ్గరికి పంపించాను. ఒక్కదాన్నే అంత పని చేశానని మురిసిపోతూ వెళ్ళి మేడంకు చెప్పాను. ఆమె ముద్ద కింద పెట్టేసింది.

"ఫోను కాడికి యాడ నుంచి వచ్చినాడంట?"

"ఎర్రమంచి అన్నాడు మేడం."

"ఫోను ఎర్రమంచిలో ఉండాది. పాము కూడా ఎర్రమంచిలోనే ఉండాదా?"

ఆమె ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చి ఎరువుల కొట్టుకు ఫోను కలిపింది. అనుకున్నంతా అయింది. ఆ మనిషి అవతల ఎక్కడో గుడిసెల దగ్గర నుంచి చేలకు అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు, ఫోను చేసి మళ్ళీ అటే పరుగెత్తాడు. వ్యాను కొట్టు ముందు నిలబడి హారను కొడుతోంది. "అన్నా, నువ్వే ఎక్కు, దారి చూపించు, కొట్టు తలుపు తర్వాత ఏసుకుందువులే" అని కొట్టాయన్ను బండెక్కించింది మేడం. కరిచింది ఒక ఆడమనిషిని. బతికింది. బతికిందని కబురొచ్చేదాకా నేను ఆ గదిలో మూలన కూర్చుని ఏడుస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రం రిజిస్టరు చూశాను. "ఎర్రమంచి కాల్. వ్యాను పంపడమైనది. రోగి ఆసుపత్రి చేరినది" అని మాత్రమే ఉంది. వ్యాను ఊరికే నిలబడిన సంగతి లేదు, నా పేరు లేదు.

"ఆలస్యం సంగతి రాయలేదేం మేడం?"

"నీది ఇంకా ప్రొబేషనే కదా. రాస్తే నిన్ను ఇంటికి పంపుతారు. రాయకపోతే నువ్వు జన్మలో మర్చిపోవు" అంది. తర్వాత ధర్మవరం చీర వచ్చిన అట్టపెట్టె మూత ఒకటి చింపి, దాని మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసి బల్బు కింద తగిలించింది: ఫోను కాడికి యాడ నుంచి వచ్చినావు? ఆ రోజు నుంచి మా బల్ల మీద ప్రతి కాల్‌కూ ఆ ప్రశ్న అడిగాం. ఫోను ఉన్నచోట మనిషి ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. పది పల్లెలకు ఒక ఫోను ఉన్న మా సీమలో అలా అనుకుంటే పనికాదని నాకు ఆ అట్టముక్క నేర్పింది.

అకౌంట్స్ పరీక్ష రాయమని నా వెంట పడింది కూడా ఆమే. "ఈ చెవులు అరిగిపోయేదాకా ఈడే కూర్చుంటావా? లెక్కలు బాగా చేస్తావు, పో" అని దబాయించేది. తీరా అనంతపురంలో పరీక్ష పెట్టిన రోజే రంజాన్ పండగ వచ్చింది. ఆ రోజు బల్ల దగ్గర డ్యూటీ నాది. మార్చుకోవడానికి ఎవరూ దొరకలేదు. "నువ్వు పోయి రాసి రా. పండగ ఇంటికాడ సాయంత్రం దాకా ఉంటాది, పరీక్ష నీ కోసరం నిలబడదు" అని కొత్త చీరతో వచ్చి నా కుర్చీలో కూర్చుంది. మర్నాడు నేను వెళ్ళేసరికి టిఫిను డబ్బాలో నా వాటా సేమియా ఉంది. పరీక్ష పాసయ్యాను. హైదరాబాదు వెళ్ళాను. కొన్నాళ్ళు ఉత్తరాలు రాశాను, తర్వాత పండగ కార్డులు, ఆ తర్వాత అవీ లేవు.

హైదరాబాదు ఆఫీసులో నేను ఒకప్పుడు ఆపరేటరునని ఎలాగో తెలిసిపోయింది. నేను గదిలోకి రాగానే ఒకడు చెవికి చెయ్యి ఆనించి "హలో, నంబర్ ప్లీజ్" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఇకమీదట ఆ బల్ల పేరు నా నోట రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇది సాకుగా చెప్పడం లేదు. తర్వాత జరిగినదానికి మొదలు ఇక్కడుందని చెబుతున్నానంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు అత్యవసర కాల్స్‌ను ఆధునికం చేయాలన్నారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బల్లలు మూడూ ఎత్తేసి, కంప్యూటర్లతో ఒకటే కేంద్రం. ఒక కంపెనీ దాన్ని నడుపుతుంది. ఎవరు ఫోను చేసినా ఆ నంబరు చిరునామా తెర మీద కనబడుతుంది. అయ్యే ఖర్చు చివరికి జనం కట్టే ఫోను అద్దెలోనే కలుస్తుంది కాబట్టి, ఏ ఖర్చు న్యాయమో, అద్దె ఎంత పెంచవచ్చో తేల్చడానికి ఒక సమీక్షా సంఘం వేశారు. ఆ సంఘంలో ఖర్చులు పరిశీలించే అధికారిని నేనే. చేతిలో స్టాప్‌వాచీ, వెనక ఒక గుమాస్తా, ఆఫీసు జీపు. మూడు ఊళ్ళూ తిరిగి, ఒక్కో కాల్‌కు ఎంతసేపు పడుతోందో కొలవాలి. హిందూపురంలో, ధర్మవరంలో గబగబా అయిపోతున్నాయి. పెనుకొండలో దాదాపు రెట్టింపు సమయం పడుతోంది.

ఎందుకు పడుతోందో నాకు తెలియదా! బల్బు కింద అట్టముక్క రంగు వెలిసిపోయి అలాగే వేలాడుతోంది. మేడం జుట్టు నెరిసింది. నన్ను చూసి "ఆఫీసరమ్మ వచ్చిందండోయ్" అని ఎక్స్‌చేంజి అంతా వినబడేలా అరిచి, టీ తెప్పించింది. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఒక్కో కాల్‌కు ఇంత సమయం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పండి" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "నన్నే అడుగుతాండావా పాపా?"

పక్కనున్న గుమాస్తా మూతి బిగబట్టుకుని నవ్వాపుకుంటున్నాడు. పాపా అన్న ఆ ఒక్క మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. టీ తాగకుండా లేచి వచ్చేశాను. నివేదికలో ఇలా రాశాను: "పెనుకొండలో అనవసరమైన ఒక ప్రశ్న వల్ల కాలయాపన జరుగుతున్నది. చిరునామా తెర మీద కనబడే కొత్త కేంద్రంలో ఈ ప్రశ్న అవసరం లేదు." తెర మీద కనబడేది ఫోను చిరునామా అనీ, మనిషి చిరునామా కాదనీ ఆ సంఘంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మా పైఅధికారి ఆ వాక్యం కింద గీత గీసి బాగుంది అన్నాడు. నేను సంతోషించాను కూడా.

అద్దె పెంపు మీద జనం అభ్యంతరాలు వినడానికి హిందూపురంలో బహిరంగ విచారణ పెట్టారు. వచ్చినవాళ్ళందరూ అద్దె గురించే పోట్లాడారు. చివర్లో షంషాద్ మేడం లేచింది. రిటైరవడానికి ఆమెకు కొన్ని నెలలే ఉన్నాయి, బల్ల ఉన్నా పోయినా ఆమెకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. "బల్ల తీసేయండి సార్, నేను వద్దనను. ఆ ప్రశ్న మాత్రం తీసేయొద్దండి. ఫోను ఒక ఊర్లో ఉంటాది, పానం ఇంకో ఊర్లో పోతాంటాది" అంది.

"దానికి ఆధారం ఏముందమ్మా?" అన్నాడు సంఘం అధ్యక్షుడు.

ఆమె నా వైపు చెయ్యి చూపించింది. "ఆ అమ్మాయిని అడగండి సార్. ఆ ప్రశ్న ఎందుకో ఆ అమ్మాయికి బాగా తెలుసు."

అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. హాలంతా తిరిగింది. నిజం చెప్పాలంటే నేను ఆపరేటరుగా పనిచేశానని చెప్పాలి, వ్యానును తప్పుదారి పట్టించానని చెప్పాలి, నా నివేదిక తప్పని చెప్పాలి. నేను కాగితాలు సర్దుకుని, "రికార్డుల్లో అలాంటి సంఘటన ఏదీ నమోదు కాలేదు సార్" అన్నాను.

అబద్ధం కాదు. నిజంగానే లేదు. నా ఉద్యోగం కాపాడడానికి ఆమె రాయలేదు కాబట్టి లేదు.

ఒక్క మాట చాలు ఆమెకు, నన్ను అక్కడికక్కడే నిలబెట్టి కడిగేయడానికి. అనలేదు. నా వంక చూసి కూర్చుంది. విచారణ అయ్యాక నేను మెట్లు దిగుతుంటే ఎదురొచ్చింది. తిడుతుందేమో, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. "నేను బస్సుకు పోతాండా పాపా. అన్నం తిన్నావా?" అని అడిగింది. ఆమె బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయింది.

కొత్త కేంద్రం మొదలైన రెండో ఏడు ఒక ఫిర్యాదు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. కనగానపల్లి వైపు ఒక పల్లెలో, కొట్టు ముందున్న కాయిన్ ఫోను నుంచి కాల్ వచ్చింది. భార్య కానుపు కష్టమైందని భర్త చెప్పి ఫోను పెట్టేశాడు. తెర మీద చిరునామా కనబడింది, ఎవరూ ఏమీ అడగలేదు. బండి త్వరగానే వెళ్ళింది, కొట్టు ముందు నిలబడింది, ఎవరూ లేరని తిరిగి వచ్చేసింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ఆ కాగితం చదివి స్నానాల గదిలోకి పోయి, కొళాయి విప్పి నోరు మూసుకుని ఏడ్చాను. బయటికొచ్చి ఆ ప్రశ్న తిరిగి పెట్టాలని నోటు రాశాను. "నిపుణుల సలహా మేరకు" అని ఉత్తర్వులో రాసి, ప్రశ్న మళ్ళీ పెట్టారు.

సెలవు పెట్టి పెనుకొండ వెళ్ళాను. మేడం ఇంటి వసారాలో పాత గొడుగుల పక్కన కూర్చుని అంతా చెప్పాను. లవంగం ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చుకుంటూ వింది.

"ఆ ప్రశ్న మళ్ళా పెట్టినారా?"

"పెట్టారు మేడం. నేనే చెప్పాను."

"ఆ దినం చెప్పింటే సరిపోయేది పాపా" అంది. గొంతు పెంచలేదు. ఆ తర్వాత, "వాళ్ళు యాడ నుంచి వచ్చినారు ఫోను కాడికి?" అంది.

నాకు తెలియదు. ఫైల్లో కొట్టు చిరునామా మాత్రమే ఉంది. ఆ తల్లిది ఏ ఊరో ఎవరూ రాయలేదు, ఫైలంతా చదివిన నేనూ అడగలేదు. ఆమె లోపలికి వెళ్ళి అట్టముక్క తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "పోయి కనుక్కో" అంది. క్షమించానని అనలేదు. నేను అడగనూలేదు.

మర్నాడే బస్సెక్కాను. ఆ కొట్టు కనుక్కోవడం కష్టం కాలేదు, చిరునామా ఉంది కదా! కొట్టు చేతులు మారింది, ఫోను పీకేశారు. గోడకు దాని మేకులు మిగిలాయి. కొత్తాయనకు సంగతంతా చెప్పి అడిగాను. "యాడోళ్ళో ఏమి చెప్పేదమ్మా? చుట్టూ ఉండే ఊర్లన్నీ ఈడికే కదా వచ్చేది" అన్నాడు. ఎదురుగా ఒకటి కాదు, నాలుగు బండిబాటలు చేలల్లోకి పోతున్నాయి. ఒకదాని వెంట పోయి రెండు పల్లెల్లో అడిగాను, తిరిగొచ్చి ఇంకోదాని వెంట పోయాను. పొద్దు వాలేదాకా తిరిగినా ఆ ఇల్లు దొరకలేదు. ఆ తర్వాత కూడా రెండుసార్లు వెళ్ళాను. మేడం చనిపోయి చాలా ఏళ్ళయింది. అట్టముక్క నా బీరువాలో చీరల మధ్య ఉంది. ఆ మొదటి రోజు చివరి బస్సు కోసం నేను నిలబడింది ఆ కొట్టు ముందే, బండి వచ్చి నిలబడి వెళ్ళిపోయిన చోటే. ఆ నాలుగు బాటల్లో ఏది వాళ్ళదో నాకు ఇప్పటికీ తెలియదు.