ఐదువేల మాస్టారు

రోజుకు రెండే విమానాలు దిగే ఆ విమానాశ్రయంలో ఉద్యోగులు నలభై ఆరుగురు. పని లేనివాళ్లు ఒక్కరూ లేరు. పక్కవాడు పని చెయ్యడం లేదని చెప్పుకోవడమే వాళ్లలో చాలామందికి చేతినిండా పని. వీళ్లందరిలోకీ గౌరవనీయుడు వాతావరణ పరిశీలకుడు. గాలి ఎటు వీస్తోంది, మబ్బు ఎంత ఎత్తులో ఉంది, కంటికి ఎంత దూరం ఆనుతోంది, ఇవి గంటగంటకూ రాసి టవర్‌కు పంపడం ఆయన ఉద్యోగం. అందరూ ఆయన్ని ఐదువేల మాస్టారు అంటారు. ఎందుకంటే, వాన పడితే తప్ప ఆయన ఏ గంటకైనా రాసేది ఒకటే: ఐదువేల మీటర్లు.

ఈ దూరాన్ని ఎవరూ టేపు పట్టి కొలవరు. మేడెక్కి గుర్తులు చూడాలి. వాటర్ ట్యాంకు కనిపిస్తే రెండువేలు, పాత ఇటుకబట్టీ చిమ్నీ కనిపిస్తే ఐదువేలు, దాని వెనక కొండ కూడా కనిపిస్తే పదివేలు. కొత్తలో మాస్టారు గంటకోసారి మేడెక్కేవారు. ఎక్కి దిగేలోపు టీ చల్లారిపోతోందని మూడో ఏడు కనిపెట్టారు. ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదటి పరిశోధన, ఆఖరిది కూడా. ఆ తర్వాత కుర్చీలోంచే రాయడం మొదలెట్టారు. అనుభవం అనే మాటకు మనం ఊరికే చేతులు జోడిస్తాం గానీ, చాలాచోట్ల దాని అర్థం ఒకే కుర్చీలో ఇరవై ఆరేళ్లు అరిగిపోయిన ప్యాంటు.

రిటైర్మెంటు ఇంకా రెండు నెలలు. ఏడాది పొడిగింపు కోసం మాస్టారు అర్జీ పెట్టారు. అదే సమయానికి పెద్దాఫీసు, చూపు దూరాన్ని దానంతటదే కొలిచే యంత్రం ఒకటి పంపింది. దాన్ని తనిఖీ చెయ్యడానికి అక్కణ్ణుంచే ఒక ఆఫీసరమ్మ వస్తోంది. యంత్రం సరిగ్గా పనిచేస్తే మాస్టారు ఇంటికి. ఈ పొడిగింపు ఆయనకెంత అవసరమో ఆయన భార్యకు అంతకు రెండింతలు. "పొద్దస్తమానం మీ మొహం చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదండీ. ఆ తనిఖీకొచ్చే ఆవిడ ముందైనా ఓసారి తల బయటపెట్టి ఆకాశం చూడండి" అని టిఫిన్ డబ్బా చేతికిచ్చి పంపింది.

తనిఖీకి వచ్చినావిడ మాస్టారి కూతురి వయసుది. విమానాశ్రయం మేనేజరు ఆవిణ్ణి నిలబెట్టి, యంత్రానికి మనసుండదనీ, మనిషి చూపులో బాధ్యత ఉంటుందనీ కాగితం చూసి చదివాడు. ఆవిడ విన్నట్టు తల ఊపి, యంత్రం అంకె చూసింది. రెండువేల ఆరువందలు. పొద్దుటి మంచు ఇంకా విడలేదు. మీ లెక్క ఎంతండీ అని మాస్టారిని అడిగింది.

మాస్టారు కిటికీ వైపు తల తిప్పారు. ఆ కిటికీలోంచి కనిపించేది సైకిల్ స్టాండు.

"ఐదువేలు మేడమ్. చిమ్నీ స్పష్టంగా కనిపిస్తోంది."

పైకెళ్లి చూద్దాం రండి, అంది. మాస్టారు రొప్పుతూ వెనకే ఎక్కారు. మేడ మీంచి వాటర్ ట్యాంకు కనిపించింది. ఆ వెనకంతా తెల్లగా ఉంది. మాస్టారు తడుముకోకుండా ఆ తెలుపులోకి వేలు చూపించి, అలవాటైన కంటికి ఆనుతుంది మేడమ్ అన్నారు.

"నిన్న నేను ఆ దారినే వచ్చానండీ. అక్కడ చిమ్నీ లేదు. కూల్చేసి ఎనిమిది నెలలైందట."

మాస్టారికి ఆ సంగతి తెలియక కాదు. కూల్చిన ఇటుకలు చవగ్గా వస్తున్నాయని బావమరిది కబురు చేస్తే, స్వయంగా వెళ్లి రెండు సాయంత్రాలు నిలబడి విరగనివి ఏరుకుని, ఇంటికి ప్రహరీ కట్టించుకున్నారు. ఆ గోడకానుకునే పొద్దున్నే పేపరు చదువుతారు. తర్వాత ఆఫీసుకొచ్చి చిమ్నీ కనిపిస్తోందని రాస్తారు. అబద్ధం ఆడుతున్నానని ఒక్క రోజూ అనిపించలేదు. ఇంటికాడ తెలిసింది ఇంటికాడే ఉంటుంది, రిజిస్టరుకు దాంతో ఏం పని?

ఆవిడ చరచరా కిందికి దిగి రిజిస్టర్లు తెప్పించింది. ఎనిమిది నెలల పేజీలు తిప్పేకొద్దీ చెయ్యి నెమ్మదించింది. ప్రతి నెలాఖరునా పెద్దాఫీసు ముద్ర, 'సరిచూడబడినది', కింద సంతకం. ఎనిమిది సంతకాలూ ఆవిడవే. కాసేపు పైన ఫ్యాను చూసింది. తర్వాత లేచి, మేనేజరును బయటికి పంపి, తలుపు వేసింది. మాస్టారు ఆ తలుపు చప్పుడుకు కుదుటపడ్డారు. ఇన్నేళ్ల సర్వీసులో తలుపులేసిన ఆఫీసరెవరూ ఆయనకు హాని చెయ్యలేదు.

ఈసారి లెక్క తప్పింది. పొడిగింపు వద్దని మీరే రాసివ్వండి, ఆరోగ్యం సహకరించడం లేదనండి, మిగతా సంగతులు ఈ గది దాటవు, అందావిడ. ఇంట్లో ఒప్పుకోరు మేడమ్, అని మాస్టారు గొణిగారు. ఆవిడ రిజిస్టరు మీద వేలితో రెండుసార్లు తట్టింది. మాస్టారు పెన్ను తీశారు.

"కంటిచూపు మందగించిందని రాయనా మేడమ్?"

"కళ్ల జోలికి వెళ్లకండి. ఎప్పట్నుంచి అని అడుగుతారు. మోకాళ్లని రాయండి."

"ఏ మోకాలు?"

"రెండూ."

ఈ మోకాళ్ల వ్యవహారంలో పదింటి రిపోర్టు టవర్‌కు పంపడం ఇద్దరూ మరిచిపోయారు. టవర్ వాళ్లు అడగనూ లేదు. మంచు కాస్త పలచబడ్డాక విమానం దిగింది, జనం పెట్టెలు తీసుకుని వెళ్లిపోయారు.