మామ లోపల వదిలి వెళ్ళిన మనిషి

మా మామ పోయారన్న కబురు ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "నాయన లేడు," అని ఒక్క మాట అన్నారు. ఫోన్ పెట్టేశాక ఇల్లంతా మూగబోయింది. అప్పుడు వినబడింది, మామ గదిలో నీళ్ళు చుక్క చుక్కగా రాతి మీద పడుతున్న చప్పుడు.

పొద్దున ఎనిమిది గంటలకు మామ కంప్యూటర్ ముందు కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయారు. ఆటోలో కోలారుకు తీసుకుపోయే హడావిడిలో కంప్యూటర్‌ను ఎవరూ ఆపలేదు. నేను గడప దగ్గర నిలబడి చూశాను. పొద్దున తెర మీద ఒక గుహ, ఆయన ఆడించే మనిషి చేతిలో వెలుగుతున్న దివిటీ ఉన్నాయి. ఇప్పుడు దివిటీ కాలి అయిపోయింది. తెరంతా చీకటి. ఆ చీకట్లో ఎక్కడో నీళ్ళు పడుతున్నాయి. ఆడేవారు లేకపోయినా ఆట మాత్రం నడుస్తూనే ఉంది.

నేను దాన్ని ఆపలేదు. ఎందుకు ఆపలేదో చెప్పాలంటే మామ గురించి చెప్పాలి.

ఆయన ఇరవై ఏళ్ళకు పైగా బంగారు గనిలో దిగిన మనిషి. గని మూతపడ్డాక రాబర్ట్‌సన్‌పేటలో కంప్యూటర్ నేర్పే ఒక చోట తలుపులు తీసే పనికి కుదిరారు. అక్కడి పిల్లలే ఆయనకు ఆట నేర్పారు. ఆ చోటు కూడా మూతపడినప్పుడు యజమాని ఒక పాత కంప్యూటరూ, ఒక పెట్టె నిండా డిస్కులూ ఇచ్చి పంపారట. ఆ ఆట పేరు ఇంగ్లీషులో ఉంటుంది, నాకు సరిగ్గా పలకరాదు. మామ "మన ఆట" అనేవారు. ఒక మనిషిని మనమే తయారు చేసుకోవాలి. ఆ మనిషి పేరూ ఊరూ లేకుండా ఒక దేశంలో దిగుతాడు. ఎటు పోవాలో, ఎవరితో ఏం మాట్లాడాలో, ఎవరిని చంపాలో మన ఇష్టం. అలాంటివి ఒకదాని తరువాత ఒకటి చాలా ఏళ్ళ పాటు ఐదు భాగాలు వచ్చాయి. ఐదూ మామ దగ్గర ఉన్నాయి.

మూడేళ్ళ క్రితం నేను నంగలి నుంచి కోడలిగా వచ్చేటప్పటికే అత్త లేరు. మా ఆయన తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కితే చీకటి పడ్డాకే రాక. మరిది బంగారపేటలో ఉంటాడు, కెమెరాలు బిగించే అంగడి. పగలంతా ఇంట్లో మామా నేనూ. నాకు మాట్లాడడం రాదు. ఏడో తరగతిలో బడి మానేసేటప్పటికే టీచరమ్మ నన్ను "గోడ" అనేది. మొదటి నెలల్లో మా మధ్య "కాఫీ మామా", "ఆడ పెట్టమ్మా" అన్నవి తప్ప మాటలే లేవు.

ఒకరోజు గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. మామ తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "అమ్మా, ఈడ రెండు దార్లు ఉండాయి. ఎడమకు పోదామా, కుడికా?" అన్నారు. నేను పలకలేదు. ఆయన చెయ్యి కదపలేదు. తెర మీది మనిషీ కదలలేదు. ఇద్దరూ నా మాట కోసం కాచుకుని ఉన్నారు. చివరికి నాకే భయమేసి, "ఎడమకు," అన్నాను. మామ ఎడమకు పోయారు. పులి లాంటిదేదో మీద పడి మా మనిషిని చంపేసింది. మామ నవ్వుతూ, "నేనైతే కుడికి పోయి ఉంటాను. ఆడ ఇంగా పెద్దది ఉండాదో ఏమో!" అన్నారు. నేను ఆ ఇంట్లో మొదటిసారి నవ్వింది ఆరోజే.

అన్నిటికన్నా కొత్తదైన ఐదో భాగం నాకు ముందు చూపించారు. తరువాత ఒక్కో భాగమూ వెనక్కి తీసుకుపోయారు. "గని షాఫ్ట్‌లో దిగే మాదిరే అమ్మా. పైన దీపాలు ఉంటాయి. కిందికి పోయే కొద్దీ ఒక్కొక్కటే లేకుండా పోతాది," అన్నారు.

ఐదో భాగంలో ఎక్కడికి పోవాలో బాణం గుర్తు చూపిస్తుంది. ఎంత లోతు గుహలోకి పోయినా చివరన ఒక రాయి పక్కకు జరిగి, మళ్ళీ మొదటి వాకిలి దగ్గరికే దారి తెరుచుకుంటుంది. అది చూసినప్పుడల్లా మామకు నవ్వు. "యా గనిలో ఉండాదమ్మా ఇట్ల? పని అయిపోతానే బయట! మేమైతే పోయిన దారినే నడిచి రావల్ల."

నాలుగో భాగంలో మనుషులు వేళకు అన్నం తింటారు, పడుకుంటారు, దారిలో ఎదురైతే ఒకరినొకరు పలకరించుకుంటారు. కానీ ఆ మాటలు ఒకదానికొకటి అతకవు. ఒకామె నవ్వుతూ మాట్లాడి, ఉన్నట్టుండి మొహంలో ఏమీ లేకుండా తిరిగి వెళ్ళిపోతుంది. నేను తెర మీంచి చూపు తిప్పేసుకునేదాన్ని. అందులో కథకు కావలసినవాళ్ళు చావరు. ఎంత కొట్టినా పడిపోతారు, కాసేపటికి లేచి కూర్చుంటారు.

మూడో భాగంలో బాణం లేదు. ఎవరినైనా అడిగితే, రాళ్ళ కుప్ప దగ్గర తిరుగు, వంతెన దాటు అని చెబుతారు, అది పుస్తకంలో రాసి ఉంటుంది, అంతే. మనుషులు పగలూ రాత్రీ నిలబడిన చోటే నిలబడి ఉంటారు. మాటలు చాలావరకు రాతలోనే, నోటితో పలకరింపు మాత్రమే. అందులో ఎవరైనా చస్తారు. కథకు కావలసినవాడిని చంపేస్తే, ఇంక ఈ లోకం బాగుపడదు, అయినా ఉండదలిస్తే ఉండు అని ఆట చెబుతుంది. మామ ఒకసారి పొరపాటున అలా చంపేసి, వెనక్కి పోకుండా ఆ చెడిపోయిన లోకంలోనే ఏడాది ఆడారట. రెండోదీ మొదటిదీ ఒక్కసారే చూశాను. ఆ గుహలను చాలావరకు మిషనే చిక్కు చిక్కుగా అల్లుతుందట. అందులో ఎక్కడో తలుపు కిర్రుమన్నది, ఎవరూ లేరు. నేను లేచి వంటింట్లోకి వచ్చేశాను.

బయటివాళ్ళు తయారు చేసి ఆటకు తగిలించే మార్పులను మోడ్ అంటారు. మామ ఒక్కటి కూడా పెట్టనివ్వలేదు. ఒకసారి మరిది నాలుగో భాగం చూసి, "ఏంది నాయనా ఈ మొగాలు? రాగి ముద్దకు కండ్లు పెట్టినట్టు ఉండాయి. మోడ్ ఏసినానంటే అందరూ యాక్టర్లు అయిపోతారు," అన్నాడు.

"ముందు నీ మొగానికి ఏసుకో రా," అన్నారు మామ.

"చూడు వదినా, కన్న కొడుకును అనే మాటా ఇది?"

మామ నవ్వడం ఆపి, "వచ్చినది వచ్చినట్టే ఆడాల. ఒగదాని నుంచి ఇంగొగదానికి వాళ్ళు ఏం నేర్చుకున్నారో, ఏం మర్చిపోయినారో, సుమ్నే, ఊరికే మార్చేస్తే ఎట్ల తెలుస్తాది?" అన్నారు.

ఆయన ఎప్పుడూ తప్పని నియమం ఇంకొకటి ఉంది. గుహలో ఉండగా ఆట ఆపేవారు కాదు. గనిలో దిగేటప్పుడు ప్రతివాడూ తన ఇత్తడి బిళ్ళ తీసుకుంటాడట, పైకి వచ్చాక తిరిగి ఇస్తాడట. బిళ్ళ రాలేదంటే మనిషి లోపల ఉన్నట్టు. "మనిషిని లోపల పెట్టి మనం ఇంటికొచ్చి అన్నం తినరాదమ్మా," అనేవారు. కరెంటు పోతే బ్యాటరీ మీద గబగబా బయటికి తెచ్చి, సేవ్ చేసి, అప్పుడు లేచేవారు.

చివరి రెండు నెలలూ మామ మూడో భాగంలోనే ఉన్నారు. ఆ భాగంలో కింద పెట్టిన వస్తువు పెట్టిన చోటే ఎన్నాళ్ళైనా ఉంటుంది. అందుకని లోపలికి పోయేటప్పుడు ప్రతి మలుపులోనూ ఎడమ పక్క ఒక కొవ్వొత్తి పెట్టేవారు. తిరిగి వచ్చేటప్పుడు అది కుడి పక్క కనబడాలి. ఒకే గుహలోకి రోజూ పోతున్నారు. అన్నం చల్లారిపోతున్నా, "మనిషిని బయటికి తెచ్చి వస్తానమ్మా," అంటూ మధ్యాహ్నం దాటించేవారు.

ఒకరోజు నేను పక్కన ఉండగా ఒక మలుపు దగ్గర ఆగారు. నేల మీద కొవ్వొత్తి ఉంది. దాన్ని చూస్తూనే, "ఈ సందులోకి ముందు వచ్చినామా అమ్మా?" అని అడిగారు.

వచ్చాం. నిన్ననే వచ్చాం. కానీ ఆయన మొహంలో ఏదో బెదురు కనబడింది. పెద్దాయనకు ఎదురు చెప్పినట్టు అవుతుందని, "గుర్తు లేదు మామా," అన్నాను. ఆయన తల ఊపి, ఆ కొవ్వొత్తి పక్కనే ఇంకొకటి పెట్టి లోపలికి పోయారు. తరువాత కూడా రెండుసార్లు అలాగే అడిగారు. రెండుసార్లూ అదే చెప్పాను. మా ఆయనకు ఆ సంగతి చెప్పలేదు.

మామను తెచ్చి వరండాలో పడుకోబెట్టిన సాయంత్రం మరిది గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ఆపాడు. "సేవ్ చేసినాను వదినా, ఏం పోలేదు," అన్నాడు. ఏం పోలేదు నిజమే. కానీ మామ మనిషి లోపలే ఉండిపోయాడు. నాకు అన్నం దిగలేదు. అందరూ మామ మీది దుఃఖమనుకున్నారు. అదీ నిజమే.

పదకొండో రోజు కార్యం కాగానే కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచి అంగడికి తీసుకుపోతానని మరిది ముందే చెప్పాడు. అందుకే మూడో రోజే ధైర్యం చేసి అతన్ని అడిగాను, గుహలోంచి మనిషిని బయటికి తేవాలని.

మరిది నన్ను వింతగా చూశాడు. నవ్వలేదు. "ఒగ మాట టైప్ చేస్తే గోడల్లో దూరి వచ్చేస్తాడు వదినా. రెండు నిమిషాలు. చేసేదా?"

"వద్దు," అన్నాను. "వచ్చిన దారినే రావల్ల."

అతను కళ్ళు తుడుచుకుని, ఆట పెట్టి ఇచ్చి బయటికి పోయాడు.

వచ్చిన చుట్టాలు మధ్యాహ్నం కునుకు తీసే వేళ నేను గదిలో తలుపు వేసుకుని కూర్చునేదాన్ని. మూడేళ్ళు పక్కన కూర్చుని చూశాను కాబట్టి ఏ మీట దేనికో తెలుసు. మిగిలి ఉన్న దివిటీ ఒకటి వెలిగించాను. మొదటి కొవ్వొత్తి కుడి పక్కనే కనబడింది, ప్రాణం లేచి వచ్చింది. రెండోదీ కుడి పక్కనే. మూడో మలుపులో రెండు పక్కలా ఉన్నాయి. గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ఎముకల గూడు ముందు నుంచి పోయాను. కాసేపటికి మళ్ళీ అదే ఎముకల గూడు. ఇంకాసేపటికి మళ్ళీ అదే. ప్రతిసారీ అది నా కోసమే కూర్చున్నట్టు ఉంది.

నేను ఆడడం మొదలుపెట్టిన రెండో రోజు నాలుగు సందులు కలిసే ఒక చోటికి వచ్చాను. దివిటీ వెలుగు నేల మీద పడగానే నా చెయ్యి ఆగిపోయింది. నేలంతా కొవ్వొత్తులు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి, గోడ పొడుగునా, నడిమధ్యా. మామ అక్కడికి ఎన్నిసార్లు వచ్చారో, వచ్చిన ప్రతిసారీ అదే మొదటిసారి అనుకున్నారు. పక్కగదిలో నేను కూరగాయలు తరుగుతూ ఉండగా, ఆయన ఇక్కడ ఒక్కరే తిరుగుతూ, గుర్తు పెడుతూ, తన గుర్తును తానే పోల్చుకోలేక ఇంకొకటి పెడుతూ ఉన్నారు. అడగడానికి మనిషిని నేను ఉన్నాను. మూడుసార్లు అడిగారు.

అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తరువాత కొవ్వొత్తులు ఏరడం మొదలుపెట్టాను. ఒక సందులోకి పోయి, అది మూసుకుపోతే, వెనక్కి వస్తూ అందులో ఉన్నవన్నీ ఏరేశాను. అలా దారి కాని దారులన్నీ ఖాళీ అయితే, గుర్తు మిగిలిన దారే దారి. ఇంకొకటి కూడా మనసులో ఉంది. మామ తప్పిపోయిన ఆనవాళ్ళు ఇంకెవరి కంటా పడకూడదనిపించింది. ఇప్పుడు మీ అందరికీ ఎందుకు చెబుతున్నానంటే, అప్పుడు చెప్పవలసిన ఒక్క మాట దాచినందుకు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు అలా అడిగితే, వచ్చాం అని చెప్పండి.

మామ పోయిన పదో రోజుకు ఒక్క దారి మిగిలింది. దివిటీలు అయిపోయాయి. చీకట్లో గోడ పట్టుకున్నట్టుగా, అంగుళం అంగుళం నడిపించాను. ఒక మలుపులో ఆగాను. మామ ఇక్కడ ఆగేవారని తెలుసు. నాకు తెలియకుండానే గట్టిగా అన్నాను, "ఇది మనం చూసిన దారే మామా. ఇట్ల రాండి." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. గది బయట ఎవరో మాట్లాడుతున్నవాళ్ళు ఆగిపోయారు. నేను ఆపలేదు. "భయం లేదు, రాండి. ఇంగ కొంచెమే ఉండాది."

వాకిలి తెరుచుకుంది. బయట ఆ దేశంలో అప్పుడే తెల్లవారుతోంది. బూడిద రంగు కొండలు, దూరంగా సముద్రం. సేవ్ చేశాను. కంప్యూటర్ అంగడికి పోతుందని, ఇదంతా తుడిచేస్తారని అప్పటికే తెలుసు. ఇక దిగులు లేదు.

లేవబోతూ ఏదో మీట తాకాను. ఇన్నాళ్ళూ ఆ మనిషి కళ్ళతోనే చూసేవాళ్ళం, అతన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ మీట తగలగానే చూపు వెనక్కి జరిగి, అతను మొత్తం కనబడ్డాడు. నా వైపు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. నేను మీటల మీంచి రెండు చేతులూ తీసేసి ఒడిలో పెట్టుకున్నాను. అతన్ని ఆడించేవారు ఇప్పుడు ఎవరూ లేరు. అతని భుజాలు మెల్లగా పైకి లేచాయి. మెల్లగా దిగాయి. మళ్ళీ లేచాయి. ఊపిరి తీసుకుంటున్నాడు.