తాండూరు కరెంటు మీద పాడిన ఆల్బం

రైల్వే పెన్షనర్ల వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఒక జాబితా వచ్చింది. ప్రపంచ సంగీతాన్ని మార్చేసిన వంద ఇంగ్లిషు ఆల్బములట, రాక్, పాప్ రెండూ కలిపి. మీ దగ్గర ఎన్ని ఉన్నాయో టిక్కు పెట్టండి అని కింద రాసి ఉంది. గ్రూపులో చాలామంది దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఒకాయన మాత్రం అరవై రెండు అన్నాడు. ఆయన సర్వీసంతా పార్సిల్ ఆఫీసులో చేశాడు. ఇంట్లో రేడియో తప్ప మరేదీ ఉన్నట్టు నాకు తెలియదు. ఫోనులో దొరికేవన్నీ తనవే అనుకుని లెక్కపెట్టి ఉంటాడు. తప్పనడానికీ లేదు. ఇప్పుడు అన్నీ అందరివీ.

నేను ఆ జాబితాను కాగితం మీదికి ఎక్కించుకుని, పాత డైరీలు దించి, వాటి ముందు రెండు రోజులు కూర్చున్నాను. ఏ పనైనా అలా చేయకపోతే నాకు నిద్ర పట్టదు. చేస్తే నడుం పట్టేస్తుంది. విన్నవి పదకొండు తేలాయి. సొంతంగా ఉన్నది ఒక్కటి.

ఆ ఒక్కదాని కోసమే అదే వారంలో తాండూరు నుంచి ఫోను వచ్చింది. చేసింది నా స్నేహితుడి కోడలు. నా స్నేహితుడు ఒకప్పుడు తాండూరు బస్టాండు వెనక క్యాసెట్లు రికార్డు చేసి ఇచ్చే దుకాణం నడిపాడు. నలభై ఏళ్లుగా నేను అతన్ని భాయ్ అంటాను, అతను నన్ను సారూ అంటాడు.

“చాచా, అబ్బాకు చెవులు ఇంకా తగ్గినయి,” అంది ఆ అమ్మాయి. “మిషన్ పెట్టుకుంటే గరగర తప్ప ఏం లేదని తీసి డబ్బల పెట్టిండు. నేను మాట్లాడేది అస్సలు ఇనపడ్తలేదు. లారీ పోతే ఇనపడ్తదంట. డాక్టరేమో ఏడాదిల గది గూడ పోతదన్నడు. అప్పటిసంది ఒకటే లొల్లి. సారు తాన ముసలోడి టేపుంది, చెవులు పోకముందు ఒక్కపారి ఇనాలె, తెమ్మను అని.”

ముసలోడంటే ఆ ఆల్బంలో పాడినవాడు. పాడినప్పుడు అతనికి పాతికేళ్లు కూడా నిండి ఉండవు. అతన్ని ముసలివాణ్ని చేసింది మేము.

తెస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. ఆ టేపు నా దగ్గర లేదని చెప్పడానికి నోరు రాలేదు.

నేను తాండూరు స్టేషన్‌లో బుకింగ్ క్లర్కుగా చేరిన కొత్తలో సికింద్రాబాదు నుంచి వచ్చే ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన ఉండేవాడు. ఉద్యోగం మానేసి దేశం విడిచి పోతూ, తన ఇంగ్లిషు రికార్డులను మాకు తలా ఒకటి పంచాడు. నాకు ఇచ్చినదాని అట్ట మీద వానకు తడిసిన ప్లాట్‌ఫారం, ఒక బెంచీ, బెంచీ మీద గిటారు పెట్టె. మనిషి లేడు. ప్లాట్‌ఫారం కాబట్టి అది నాకే చెందాలని నవ్వుతూ చేతిలో పెట్టాడు. దాని పేరు చెబితే ఇప్పటివాళ్లు కూడా గుర్తుపడతారు. వాట్సాప్ జాబితాలో పైనే ఉంది. పేరు లేకపోయినా ఈ సంగతికి వచ్చే నష్టం లేదు కనుక రాయడం లేదు.

రికార్డు వచ్చింది కానీ వాయించే ప్లేయరు నాకు లేదు. అప్పట్లో మా వైపు ఇది వింతేమీ కాదు. పెద్దేముల్‌లో ఒక టీచరు దగ్గర రెండు ఇంగ్లిషు రికార్డులుండేవి. ప్లేయరు లేక అట్టలు రెండూ గోడకు తగిలించుకున్నాడు. సిమెంటు ఫ్యాక్టరీ ఇంజినీరు దగ్గర మంచి ప్లేయరుండేది, దాని ముల్లు విరిగిపోయి ఏడాది దాటింది. ఆల్బం ఉండటం వేరు, వినడం వేరు. రెండింటినీ కలిపేది భాయ్ దుకాణం. ఖాళీ క్యాసెట్టు తీసుకుని పోతే, రికార్డు మీది పాటలు దాంట్లోకి ఎక్కించి ఇచ్చేవాడు.

అతని పని పద్ధతి నాకు నచ్చేది. రికార్డును గుడ్డతో మూడుసార్లు తుడిచేవాడు. కింద చక్రం తిరుగుతుండగానే రికార్డు అంచును ఒక వేలితో ఆపి పట్టి, రెండో చేత్తో ముల్లు దించి, టేప్ రికార్డరు మీట నొక్కాక వేలు తీసేవాడు. కరెంటు పోతే టేపు నలుగుతుందని రికార్డరును ఎప్పుడూ సెల్స్ మీదే నడిపేవాడు. ప్లేయరు మాత్రం నేరుగా కరెంటు మీద. దుకాణం వెనక వరసగా బండలు నున్నచేసే పాలిషింగ్ యూనిట్లు. వాటి మిషన్లన్నీ ఒకేసారి తిరిగితే దుకాణంలో బల్బు ఎర్రబడేది. బల్బు సంగతి మాకు తెలుసు. బల్బుతోపాటు ప్లేయరు కూడా నీరసపడుతుందని మాకు తోచలేదు.

అలా నా ఆల్బం తాండూరు కరెంటు మీద ఎక్కింది. పాట నెమ్మదించింది, గొంతు బరువెక్కింది. పొలం దున్ని వచ్చి అరుగు మీద కూలబడ్డ మనిషి పాడుతున్నట్టుండేది. నా రికార్డు అరిగిపోకూడదని భాయ్ ఆ ఒక్క టేపు నుంచే అడిగినవాళ్లకల్లా కాపీలు చేసి ఇచ్చాడు. లారీ డ్రైవర్లు తీసుకున్నారు. బంట్వారంలో ఒక కాంపౌండరు తీసుకున్నాడు. కందుల వ్యాపారం చేసే సేటు కొడుకు రెండు తీసుకున్నాడు. ఇంగ్లిషు ఒక్క ముక్క రానివాళ్లు కూడా “ముసలోడి టేపు” అని అడిగేవాళ్లు. ఏం పాడుతున్నాడో తెలియకపోయినా, పాడేవాడు అలిసిపోయాడని మాత్రం అందరికీ తెలిసేది. నాకూ డ్యూటీ దిగి వచ్చాక అదే కావలసి ఉండేది.

సేటు కొడుకు హైదరాబాదులో చదువుకు పోయినప్పుడు హాస్టల్లో ఇదే ఆల్బం ఎవరో పెట్టారట. ఇది డూప్లికేటు, ఎవడో పోరడు పాడిండు, అసలుది మా తాండూరుల ఉంది అని పోట్లాడి వచ్చాడు. మేమంతా అతని పక్షమే.

నేను రిటైరై వికారాబాదులో స్థిరపడ్డాక ఒక పాత ప్లేయరు కొన్నాను. మొదటిసారి నా రికార్డు దాని మీద పెట్టినప్పుడు మిషను చెడిందనుకున్నాను. ఎవడో కుర్రాడు చకచకా పాడేస్తున్నాడు. మెకానిక్ దగ్గరికి రెండుసార్లు మోశాను. రెండోసారి అతను విసుక్కుని, చక్రం మీద సుద్దముక్కతో గీత గీసి, నా గడియారంతోనే నాచేత లెక్కపెట్టించాడు. నిమిషానికి ముప్పై మూడు చుట్లు. సరిగ్గా ఉంది. ఇంటికి వచ్చి పాత డైరీ చూస్తే, టేపులో మొదటి వైపు ఇరవై నాలుగు నిమిషాలని నేనే రాసుకున్నాను. రికార్డు ఇరవైకే అయిపోతోంది. కూర్చుని లెక్క వేస్తే తాండూరు కరెంటు నిమిషానికి ఇరవై ఎనిమిది చుట్లకు దిగిందని తేలింది.

ఆ నెలలోనే క్యాసెట్లన్నీ తీసి వరసగా పెట్టాను. కొన్నింటికి బూజు పట్టింది. ముసలోడి టేపు బాగానే ఉంది. అయినా “తప్పు కాపీ” అని డైరీలో రాసి, తక్కినవాటితోపాటు మున్సిపాలిటీ చెత్త బండిలో వేశాను. తప్పని తేలిన కాగితాన్ని కొట్టేసి పక్కన సంతకం పెట్టడం నలభై ఏళ్ల అలవాటు. భాయ్‌కి మాత్రం చెప్పలేదు. అతని చేతిపని తప్పని ఇన్నేళ్లకు చెప్పడం ఎందుకులే అనుకున్నాను. అతని దగ్గరున్న టేపు, దుకాణం మూసేసినప్పుడే ఎటో పోయింది. తర్వాత ఇరవై ఏళ్లు అతను ఆ వెనక యూనిట్లలోనే సూపర్‌వైజరుగా చేశాడు. చెవులు పోయింది అక్కడే.

టేపుకు బదులు రికార్డే వినిపిద్దామని, ప్లేయరును, రికార్డును దుప్పట్లో కట్టి ప్రయాణమవుతుంటే మా ఇంటావిడ గడప దగ్గర నిలబడి చూసింది.

“గీ మోకాళ్లతోని గా పెట్టె మోస్తరా? ఫోన్ల వస్తయి గద పాటలు.”

“ఫోన్ల వచ్చేది కాదది.”

“ఏదీ కాదు మీకు. దారిల కూలవడితె నాకు ఫోన్ చెయ్యకుండ్రి.”

ప్యాసింజరు రైల్లో కూర్చోవడానికి చోటు దొరికింది కానీ పెట్టె ఒళ్లోనే పెట్టుకోవాల్సి వచ్చింది. తాండూరులో దిగేసరికి తొడలు మొద్దుబారాయి. ఆటోలో పోతుంటే ఎప్పటిలాగే రోడ్డు పక్కన బండల దొంతరలు, వాటి మీద తెల్లటి దుమ్ము. ఈ ఊళ్లో జీతం తీసుకున్న ఏళ్లు గుర్తుచేసుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది.

భాయ్ మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి వీధికంతా వినపడేలా అరిచాడు.

“రా సారూ! నడుస్తున్నవా, ఇంక?”

“నడుస్తున్న,” అన్నాను అతని చెవి దగ్గర, వీలైనంత బొంగురుగా. అలాగైతే కొంత వినపడుతుందని కోడలు ముందే చెప్పింది.

ప్లేయరును మంచం పక్కన స్టూలు మీద పెట్టి తీగ తగిలించాను. భాయ్ ముందుకు వంగి చెవిని స్పీకరుకు ఆనించాడు. ముల్లు దించాను. కాసేపు విని నావైపు చూశాడు.

“ఎవడు సారూ వీడు? గింత ఉరుకుతుండేంది? బస్సు పోతదా వీనికి? డుబ్ డుబ్ అని డప్పు ఇనపడ్తంది గంతే. ముసలోడేడి?”

ఇక చెప్పక తప్పలేదు. బల్బు ఎర్రబడటం, సెల్స్, ముప్పై మూడు చుట్లు, ఇరవై ఎనిమిది చుట్లు, అన్నీ ఒక్కొక్క మాటగా చెవిలో చెప్పాను. చెప్పేసరికి నా గొంతు పోయింది. అతను మంచం ఊగేలా నవ్వాడు.

“అంటే తాండూరోళ్లందరికి ఖరాబు మాలిచ్చిన్నా నేను? ఒక్కడన్న వాపస్ తేలే గదనే!” కళ్లు తుడుచుకున్నాడు. “ఇప్పుడు కరెంటు మంచిగైంది, పాట ఖరాబైంది. సరె, గీ పోరన్ని బంద్ చెయ్యి. మన టేపు తియ్యి.”

“లేదు భాయ్. పారేసిన.”

వినపడలేదేమోనని మళ్లీ చెప్పాను. వినపడింది.

“నువ్వా?” అన్నాడు. ఈసారి అరవలేదు. “చింపిన టికెట్టు ముక్క గూడ పారెయ్యవు గద సారూ నువ్వు.”

నేను ప్లేయరు దగ్గరికి జరిగి ముల్లు ఎత్తేశాను. కోడలు టీ గ్లాసులు పెట్టి, ఉండుండ్రి చాచా అని తన ఫోను తెచ్చింది. అదే పాట వెతికి, వేగం తగ్గించి అతని చెవికి ఆనించింది. పాట నెమ్మదించింది. గొంతు మాత్రం ఆ కుర్రాడిదే. మాటలు సాగాయి, బరువు రాలేదు. భాయ్ ఫోనును చేత్తో పక్కకు తోశాడు.

“గది కాదు బేటీ. నువ్వు మాట్లాడినట్టే ఉంది, ఏం ఇనపడ్తలేదు.”

తర్వాత చాలాసేపు ప్లేయరు వైపు చూశాడు. ముల్లు లేకుండా ఉత్తగా తిరుగుతున్న రికార్డు చూసి, చూపుడు వేలు గాలిలో ఎత్తి నాకు చూపించాడు.

“సారూ, వేలు పెట్టు. ఆపకు. జర వజన్ వెయ్యి, గంతే.”

నాకు అర్థమైంది. రికార్డు మీద చిన్న కాగితం ముక్క అంటించి, మొదటి పాట మీద ముల్లు దించి, అంచు మీద వేలు ఆనించాను. పాట ఒక్కసారి కుంగింది, మళ్లీ లేచింది. ఎడమ చేతి గడియారం చూస్తూ కాగితం ముక్క చుట్లు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. కొంచెం నొక్కితే ఇరవై ఐదు. వదిలితే ముప్పై. గొంతు ఎక్కిళ్లు పెట్టినట్టు వచ్చింది. ఎక్కడో నడుమ ఒక్కో నిమిషం ఇరవై ఎనిమిది దగ్గర నిలబడేది. అప్పుడు ముసలోడు వచ్చేవాడు. నిజంగానే వచ్చేవాడు.

“వచ్చిండు, వచ్చిండు! అరె, మల్ల పోయిండు. నీ వేలు ఆగమాగం ఉరుకుతుంది సారూ.”

మూడో పాట నడుమ నా వేలు మొద్దుబారింది. వేలు మార్చాను. నాలుగో పాటకు భుజం లాగింది. ఇక నావల్ల కాదని చెయ్యి తీసేశాను. కుర్రాడు పరుగెత్తాడు.

“జరుగు,” అన్నాడు భాయ్. మంచం అంచుకు జరిగి, చెవి స్పీకరుకు ఆనించి, తన వేలు రికార్డు అంచు మీద పెట్టాడు. గడియారం చూడలేదు, చుట్లు లెక్కపెట్టలేదు. తనకు వినపడేదాకా నొక్కుతూ పోయాడు. అతని వేలు కింద పాట వణకలేదు. కానీ ఇరవై ఎనిమిది దగ్గర ఆగలేదు. ఇంకా దిగింది. గొంతు మూలుగైంది, మూలుగు దూరాన గూడ్సు బండి కదిలినట్టైంది. నాకు అందులో పాట మిగల్లేదు, ముసలోడు కూడా మిగల్లేదు. అతను మాత్రం కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు.

“గీడున్నడు,” అన్నాడు. “ఏడికి పోలే.”

మొదటి వైపు అరగంటకు పైగా సాగింది. ముల్లు చివరికి వచ్చి గీసుకుంటుంటే నేను లేచి రికార్డు తిప్పి పెట్టాను. నేను ఎక్కాల్సిన రైలు వెళ్లిపోయింది. చల్లారిన టీ తాగాను. రెండో వైపు సగంలో, బయలుదేరుతున్నానని అతని భుజం తట్టాను. వేలు తీయకుండానే తల ఊపాడు. ప్లేయరు అడగలేదు నేను. అతనూ తీసుకుపొమ్మనలేదు.

దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని స్టేషన్ దాకా నడిచాను. ఒళ్లో బరువు లేదు, అయినా ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాక మళ్లీ లేవాలనిపించలేదు. తర్వాతి బండి ఆలస్యమని మైకులో చెప్పారు. పరవాలేదనుకున్నాను.