మూడు చర్చిల పిడికెడు బియ్యం

మా చిన్నప్పుడు... అరవైతొమ్మిదిలో, అశోక్‌నగర్ మా ఇంట్లో ట్రంకుపెట్టె సర్దేసి ఉండేది. ఊళ్లో తెలంగాణ గొడవలు, మాలాంటి ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని ఊరేగింపులు. బడి లేదని నాకూ తమ్ముడికీ ఒకటే సంబరం! అమ్మ మాత్రం గుంటూరు వెళ్లిపోదామని రోజూ నాన్నను పోరేది. భయంతో చర్చికి వెళ్లడం కూడా మానేసింది పాపం...

అన్నం వండే ప్రతిసారీ దేవుడి పేరున పిడికెడు బియ్యం తీసి పక్కన డబ్బాలో వేయడం మా క్రైస్తవుల ఇళ్లలో అలవాటు. ఆదివారం చర్చిలో ఇచ్చేస్తారు. చర్చి మానినా అమ్మ పిడికెడు మానలేదు, డబ్బా నిండిపోయింది.

ఒకరోజు పొద్దున్నే చిక్కడపల్లి నుంచి అమ్మకు తెలిసిన రాజమ్మక్క సంచీతో వచ్చింది. పక్కా తెలంగాణ మనిషి, వేరే చర్చి. బందులతో కూలి దొరక్క లోయర్ ట్యాంక్ బండ్ గుడిసెల్లో పొయ్యి వెలగడం లేదట. వాళ్ల చర్చి, మా చర్చి, నారాయణగూడలోని తమిళుల చర్చి కలిసి వండిపెడదామని ముగ్గురు పాస్టరు అయ్యగార్లూ అనుకున్నారట.

అమ్మ డబ్బా అందించింది గానీ గడప దాటలేదు.

"బియ్యమొక్కటే ఇస్తే ఎట్ల? నువ్వు గూడ రా. ఎవడేమంటడో నేను జూస్త" అంది రాజమ్మక్క.

అమ్మ చెప్పులేసుకుంది. వెనకే మేం!

ఆ గుడిసెల దగ్గర వంట చూడాలి... అందరి బియ్యమూ ఒకే గంగాళంలో పోసేశారు. మా సన్నబియ్యం, వాళ్ల దొడ్డుబియ్యం, తమిళుల ఉప్పుడు బియ్యం! మావి గంజయిపోయాయి, ఉప్పుడు బియ్యమేమో ఇంకా పలుకే. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కడుపుబ్బ నవ్వారు. పప్పు పోసి కిచిడీ చేసేద్దామని అమ్మే గరిటె అందుకుంది. రాజమ్మక్క ఉల్లిపాయలు వేయించింది, తమిళ మామ్మగారు మిరియాలు దంచారు. మీది ఏ కులం, ఏ మతం అని ఎవరూ అడగలేదు. గుడిసెల పిల్లల పక్కనే కూర్చుని మేమూ మారు వడ్డించుకున్నాం. అంత రుచి నేను మళ్లీ ఎరగను.

సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వస్తూనే, గుంటూరు బండి నడుస్తోందని, రేపు మమ్మల్ని ఎక్కిస్తానని చెప్పారు.

"రేపెలా కుదురుతుందండీ? వంట నా మీద ఉంది" అంది అమ్మ.

ఆ రేపు ఎప్పటికీ రాలేదు. అమ్మ అశోక్‌నగర్‌లోనే ముసలిదైంది.

ఇప్పుడా చర్చిలన్నీ పెద్ద భవనాలయ్యాయి... ఎవరి విందు వాళ్లదే, క్యాటరింగ్ వాళ్లు వండి వెళ్తారు. ఆ ఆడవాళ్ల నవ్వులు ఎక్కడా వినపడవు. గొడవల రోజుల్లో మీ అమ్మ ఎవరితో కలిసి వండిందో, గుర్తుంటే కింద రాయరూ...