రాజ్మాకూ లేవని కణాలు

మా ల్యాబ్‌లో నా పని క్షయ క్రిమిని మోసం చేయడం కాదు, దాని పేరు చెప్పి రక్తకణాలను మోసం చేయడం. క్రిమి ప్రోటీన్‌లోంచి చిన్న తునకను ఎంచుకుంటాం. దాన్ని క్రిమి నుంచి కోసుకురానక్కర్లేదు, కంపెనీవాళ్ళు రసాయనాలతో అచ్చం అలాగే కట్టి పంపుతారు. డబ్బీ మూత తీస్తే లోపల ఏమీ లేనట్టే ఉంటుంది. అంత ఖరీదైన ఖాళీని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ తునకను రక్తంలో కలిపి ఒక రాత్రి వెచ్చగా ఉంచుతాం. ఆ క్రిమిని ఇదివరకు చూసిన కణాలుంటే, తునకతోనే గుర్తుపట్టి గగ్గోలు పెడతాయి. ఆ గగ్గోలు మాకు ప్లేటు గుంటలో పసుపురంగుగా కనబడుతుంది. కణాలు అసలు బతికున్నాయో లేదో తేల్చడానికి పక్కగుంటలో రాజ్మా గింజ నుంచి తీసిన మందు వేస్తాం. దానికి ఎంత బద్ధకపు కణమైనా లేస్తుంది. పోల్చిచూడటానికి నా రక్తమే వాడేవాళ్ళం. నాకు జబ్బు లేదు, కానీ రెండు గుంటలూ పసుపే. ఆ క్రిమితో పరిచయం మన దగ్గర ఓటరు కార్డు లాంటిది. చాలామందికి ఉంటుంది, వాడకం తక్కువ.

కాజీపేటలో గూడ్స్ బండి నడిపే మా బావకు మాత్రం అది వాడకంలోకి వచ్చింది. షుగర్ ముందే ఉంది. దగ్గీ దగ్గీ సగమయ్యాక దవాఖానలో తెమడ చూసి క్షయ అన్నారు, మాత్రలు మొదలుపెట్టారు. బావ రక్తాన్నీ మా ల్యాబ్‌లో చూడటానికి మా సారు ఒప్పుకున్నారు, బావ సంతకం పెట్టాడు, నేను రక్తం తెచ్చి ప్లేటులో వేశాను.

తునక వేసిన బావ గుంట నీళ్ళలా ఉంది. అక్కకు ఫోన్‌లో ఏమీ రాలేదని చెప్పాను. నేను మిగతాది చెప్పేలోపే ఆమె ఫోన్ పెట్టేసి క్వార్టర్స్‌లో పేడాలు పంచింది. ఏమీ రాలేదంటే రోగం పోయిందనేగా ఎవరైనా అనుకునేది. సాయంత్రం వెళ్ళి, రాకపోవడమే అసలు కష్టమని, బావ కణాలు క్రిమి మీదికి లేవడం లేదని చెప్పాల్సి వచ్చింది. నోట్లో పేడా పెట్టుకుని చెప్పాను. అంతకంటే మర్యాదైన పద్ధతి తోచలేదు.

నెల మాత్రలు మింగాక కణాలు తేరుకుంటాయేమోనని మళ్ళీ చేశాను. తునకకు కదల్లేదు. రాజ్మాకూ కదల్లేదు. డాక్టర్‌కు చూపిస్తే, ఒంటి సాయం లేకుండా మాత్రలే చేయాలి, ఎంతవరకు చేస్తాయో చూద్దాం అన్నాడు. డాక్టర్లు చూద్దాం అన్నప్పుడు నేను సాధారణంగా జోకేస్తాను. ఆ రోజు వేయలేదు.

వాళ్ళింటికి వెళ్ళేసరికి అక్క బావకు చెంచాతో జావ తాగిస్తోంది. ఏమైందని బావే అడిగాడు. చెప్పాను. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"అంటే సిగ్నల్ పడ్డది గని ఇంజన్ల డ్రైవరే లేడన్నట్టు. ఇగ బండి యాడికి పోతది బామ్మర్ది?"

తనే నవ్వాడు, దగ్గు అడ్డం వచ్చింది. బావ నవ్వగా నేను చూడటం అదే ఆఖరు.

అక్క నవ్వలేదు. చెంచా గిన్నెలో పెట్టి నా చేతుల కేసి చూసింది.

"నీ రక్తం మంచిగ పనిచేస్తాందన్నవు గద తమ్మి. జరంత ఈయనకెక్కియ్యరాదు?"

కుదరదక్కా అన్నాను.

"ఎందుకు కుదరదు? మీ ఇద్దరిది ఒకటే గ్రూప్. దవాఖానల అడిగిన."

గ్రూపు ఒక్కటైతే చాలదని, ఒకరి కణాలు ఇంకొకరి ఒంట్లో కాపురం చేయవని, చేస్తే ఆ ఒంటి మీదే పడతాయని నాకు తెలుసు. ఈ విషయం మీద విద్యార్థులకు గంటసేపు చెప్పగలను. అక్కతో మాత్రం మళ్ళీ కుదరదక్కా అనే అన్నాను. ఆమె బావ గదుమ మీదికి కారిన జావను కొంగుతో తుడిచి, మళ్ళీ చెంచా అందుకుంది.