ఒత్తి ఇల్లని చెప్పాడు మా అన్న

ప్రతి ఫిబ్రవరిలో మా ఇంటి ఓనరు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. విరుదునగర్‌లో ఆయన మేడ మీద బాడుగకుంటాను. బడిలో లెక్కల టీచర్ని. కట్టే బాడుగకు పన్ను మినహాయింపు కావాలంటే ఆయన పాన్ నంబరు ఇవ్వాలి. ‘నా నెత్తిన పన్ను రుద్దడానికా టీచరమ్మా?’ అని సణుగుతాడు. వచ్చిన బాడుగలో మీరు మునిసిపాలిటీకి కట్టిన ఇంటి తీరువ తీసేసి, మిగిలినదాంట్లో ముప్పై శాతం వదిలేస్తారు, భయమెందుకని నేనే పాఠం చెప్పేదాన్ని. ఎంత తెలివో నాకు!

కోవిల్‌పట్టిలో నాకూ ఒక ఇల్లుంది. నాన్న నా పేర రాసిచ్చాడు. నాన్న మంచాన పడ్డప్పుడు దాన్ని ఒత్తికి ఇచ్చేశానని అన్న చెప్పాడు. ఒత్తి మా వైపు మామూలే. ఉండేవాళ్లు ఒక్కసారిగా పెద్ద మొత్తం ఇస్తారు, ఖాళీ చేసినప్పుడు అది తిరిగిచ్చేయాలి, అందాకా బాడుగ ఉండదు. ఆ దుడ్డంతా నాన్న వైద్యానికే పోయిందన్నాడు. నేను లెక్క అడగలేదు. పైగా నాన్నను కడదాకా చూసుకున్నది నా ఇల్లేనని కనబడ్డవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఏటా ఒకసారి అన్న కాగితాల కట్ట తెచ్చేవాడు. పైభాగం మడిచి పట్టుకొని, “తీరువ కాయితాలేమే, ఈడ సంతకం పెట్టు” అనేవాడు. స్టాంపు అతికించి ఉండేది. సర్కారు కాగితం కదా, ఉంటుందిలే అనుకుని పెట్టేదాన్ని. పిల్లల లెక్కలో ఒక్క సున్నా జారినా పట్టుకునే నేను ఆ మడత విప్పలేదు. అన్న తెచ్చిన కాగితం చెల్లెలు చదివి చూడడం మా ఇళ్లలో ముఖాన ఉమ్మినట్టే.

మొన్న పన్ను శాఖ నుంచి నాకు నోటీసు వచ్చింది. కోవిల్‌పట్టి ఇంటి బాడుగ మీ రిటర్నులో చూపలేదేమని. ఏదో పొరపాటని, అడిగి వద్దామని బస్సెక్కాను. ఆ ఇంట్లో ఉండేది ఒక బ్యాంకు ఉద్యోగిని. పాపం, వేరుశనగ మిఠాయి పెట్టి మరీ ఫైలు తెరిచింది. అన్నీ బాడుగ రసీదులు. ఒక్కొక్కదాని కింద స్టాంపు, దాని మీద నా సంతకం, పక్కన నా పాన్ నంబరు. నేను మా ఓనరును అడిగినట్టే ఆవిడా అడిగింది, అన్న ఇచ్చేశాడు.

“ఒత్తా? ఒత్తి మాటే లేదమ్మా. ప్రతి నెలా మీ అన్న వచ్చి చేతికి తీసుకుంటారు” అంది అరవంలో. నాన్న చనిపోయిన నెల రసీదు కూడా ఉంది అందులో.

అక్కణ్ణుంచి నేరుగా అన్న మిరపకాయల మండీకి వెళ్లాను.

“ఏందన్నా ఇది?”

“కసురుకుంటావెందుకుమే? ముప్పై శాతం కొట్టేస్తారంట గదా. మిగిలినదానికి ఎంత వస్తాదో చెప్పు, ఆ పన్ను నేనే కడతా.”

“నాన్న వైద్యమని చెప్పినావే!”

“నేను పెట్టలేదా నాన్నకు? అదీ ఇదీ ఒకటేలే.”

సిగ్గు లేదు మనిషికి. కళ్లలోకి చూసి మరీ అన్నాడు. మండీలో మిరప ఘాటుకు అందరి కళ్లలోనూ నీళ్లే, నేను ఏడ్చినట్టు ఎవరికీ తెలియలేదు.

విరుదునగర్‌లో ఆడిటరు అంతా విని పెన్ను కింద పెట్టాడు. “బాడుగకున్నవాళ్లు ఎగ్గొడితే కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది టీచర్. వీళ్లు ఎగ్గొట్టలేదు. రసీదు మీది, సంతకం మీది. కాదనాలంటే మీ అన్న మోసం చేశాడని కేసు పెట్టాలి.”

నాన్న పెద్దకొడుకు మీద కేసు! చేతకాలేదు నాకు. అన్న దుడ్డు ముట్టకుండా, నా చేతికి ఒక్క రూపాయి రాని బాడుగకంతా నేనే పన్ను కట్టాను. ఇక మీదట బాడుగ నా ఖాతాకే పంపమని ఆవిడకు చెప్పాను.

ఆ నెలలోనే అన్న ఫోను. “ఏమే, తోడబుట్టినవాడి మీద నమ్మకం లేదా నీకు?”

“ఉండిందన్నా. ఆ రసీదులు చూడు, ఒక్కొక్కదాని కిందా సంతకం పెట్టి ఉండా” అన్నాను.